పక్షుల చెరువు ఊరికి ఏమిస్తోంది? లెక్క కట్టి కాపాడుకునే పద్ధతి

ఫిబ్రవరి నెలాఖరు. ఆయకట్టులో వరి పాలు పోసుకుంటోంది. ఇంకో రెండు తడులు అందితే గండం గడిచినట్టే. అదే చెరువులో, నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతు (పెలికాన్) పిల్లలకు ఇంకా రెక్కలు పూర్తిగా రాలేదు. తూము ఎత్తితే పంట బతుకుతుంది. కానీ చెట్ల మొదళ్ల దగ్గర నీళ్లు తగ్గితే కుక్కలు నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోతాయి, గూటిలోంచి కింద పడ్డ పిల్ల ఇక దక్కదు. తూము ఎత్తాలా, ఆపాలా?

రక్షిత ప్రాంతాల నిర్వహణ, పర్యావరణ సేవల (ప్రకృతి మనకు చేసే మేళ్ల) విలువ కట్టడం అని ఎంత పెద్ద మాటలు చెప్పుకున్నా, మా నెల్లూరు వైపు అది చివరికి ఇలాంటి ప్రశ్న దగ్గరికే వస్తుంది. రైతుకు నష్టం ఎంత, చెరువు ఊరికి ఏడాది పొడుగునా ఇచ్చేది ఎంత, ఆ రెంటికీ మధ్య ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలి అన్నది కాగితం మీద ఉంటే కూర్చుని మాట్లాడుకోవచ్చు. లేకపోతే గట్టిగా అరిచినవాడి మాటే నెగ్గుతుంది. జీవవైవిధ్య కమిటీలో సభ్యులుగా ఉన్నవాళ్లు, వన సంరక్షణ సమితి వాళ్లు, స్కూలు టీచర్లు, అటవీ శాఖ బీటు సిబ్బంది, చదువుకునే పిల్లలు కలిసి ఒక ఏడాదిలో ఈ లెక్క తయారు చేయొచ్చు. ఎలాగో వరసగా చెబుతాను.

ఉదాహరణగా నేలపట్టును పట్టుకుంటాను. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అది, దగ్గర్లోని పులికాట్ సరస్సు (ఆంధ్ర వైపు భాగం), రెండూ అప్పట్లో మా నెల్లూరు జిల్లావే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లా కిందికి వెళ్లాయి. కానీ ఈ పద్ధతి పెంచలకోన అడవికైనా, ప్రకాశం వైపు నల్లమలకైనా, మీ ఊరి చెరువుకైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: హద్దులు, హక్కులు

ముందు గ్రామ పటం, సర్వే నంబర్లు, అభయారణ్యం నోటిఫికేషన్ కాపీ తెచ్చుకోండి. నోటిఫికేషన్‌లో రాసిన హద్దు, రాళ్లు పాతిన హద్దు, ఊళ్లో అందరూ అనుకునే హద్దు మూడూ ఒకటేనా చూడండి. చాలాచోట్ల కావు. పటం చేత్తో పట్టుకుని, ఊరి పెద్దలిద్దరిని, బీటు ఆఫీసర్‌ను వెంటబెట్టుకుని కట్ట పొడుగునా నడవండి. ఫోన్‌లో జీపీఎస్ చాలు.

తర్వాత హక్కులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో వేట నిషేధం. అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీసుకోవడం, నీటి ప్రవాహాన్ని మళ్లించడం కూడా కుదరదు. మరి నీళ్ల హక్కు ఎవరిది, చేపల వేలం ఎవరు వేస్తున్నారు, పశువులు ఎక్కడిదాకా పోవచ్చు, నల్లమలలో అయితే చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం కింద ఏ హక్కు పత్రాలు ఉన్నాయి అన్నవి రాసుకోండి. ఈ పేజీ లేకుండా మొదలుపెట్టిన లెక్క తర్వాత గొడవలకే పనికొస్తుంది.

రెండో అడుగు: ఏడాది చిట్టా

రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. నెలకు నాలుగు పేజీలు కేటాయించండి. చెరువు నీటిమట్టం, తూము తెరిచిన రోజులు, కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పారిందా లేదా, చుట్టుపక్కల అయిదారు బావుల్లో నీటి లోతు, పక్షుల సంఖ్య, వచ్చిన సందర్శకులు, ఊళ్లో పంట పనులు. అంతే. నీటిమట్టానికి తూము దగ్గర రంగు గీతలు గీసిన కొలబద్ద పాతించండి.

పక్షుల లెక్క తెల్లవారుజామున, ఎప్పుడూ ఒకే చోట నిలబడి తీయాలి. ఎగిరే గుంపును లెక్కపెట్టడం కష్టం, గూళ్లను లెక్కపెట్టడం తేలిక. ఒక్కో చెట్టుకు నంబరు ఇచ్చి, దాని మీద గూడబాతు గూళ్లెన్ని, నత్తగుళ్ల కొంగవెన్ని, తెల్లకంకణాయివెన్ని, నీటికాకివెన్ని అని వేర్వేరుగా రాయండి. జనవరిలో చాలా ఆసియా దేశాల్లో నీటి పక్షుల గణన జరుగుతుంది. మీ లెక్క ఆ వారంలో కూడా ఒకసారి తీస్తే బయటి లెక్కలతో పోల్చుకోవడానికి వీలుంటుంది.

గూడబాతులు అక్టోబరు వైపు దిగుతాయి, ఏప్రిల్‌కల్లా చాలామటుకు వెళ్లిపోతాయి. కాబట్టి చిట్టా సెప్టెంబరులో మొదలుపెట్టండి. ఖాళీ చెట్లను చూసినవాడికే నిండిన చెట్ల విలువ తెలుస్తుంది.

మూడో అడుగు: ఏమేం లెక్కలోకి వస్తాయి

2005లో వచ్చిన ఐక్యరాజ్యసమితి మిలీనియం నివేదిక ప్రకృతి చేసే మేలును నాలుగు గంపల్లో వేసింది. చేతికి అందేవి: నీళ్లు, చేపలు, తేనె, మేత. పరిస్థితిని సర్దేవి: వరద ఆపడం, బావులు నింపడం, బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచడం. మనసుకు సంబంధించినవి: చూడ్డానికి రావడం, తిరునాళ్లు, చదువు. నాలుగోది వీటన్నిటికీ ఆధారం: మట్టి తయారవడం, పోషకాలు చక్రంలా తిరగడం.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. నాలుగో గంపను విడిగా లెక్కకట్టి మొత్తంలో కలపకూడదు. దాని ఫలితం మొదటి మూడు గంపల్లోకి ఎటూ వచ్చేసింది. ధాన్యం ఖరీదు కట్టి, మళ్లీ ఆ ధాన్యానికి పోసిన ఎరువు నీళ్ల ఖరీదు కూడా కలిపితే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

మీ ఊళ్లో వాళ్లనే కూర్చోబెట్టి జాబితా రాయించండి. ఆడవాళ్లను విడిగా అడగండి. మేత, పుల్లలు, ఆకుకూరలు, బట్టలుతకడం లాంటివి మగవాళ్ల జాబితాలోకి రావు.

నాలుగో అడుగు: రెట్ట నీళ్ల లెక్క

దీని దగ్గర కాస్త ఆగుతాను. నేలపట్టు పక్షులు ఇన్ని తరాలు నిలబడడానికి కారణం కేవలం చట్టం కాదు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులకు ముందే తెలుసు. అందుకే ఎవరూ చెప్పకముందే వాటిని కాపాడారు.

నిండు సీజన్లో కట్ట మీద నిలబడి చూడండి. కడప చెట్ల ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. గాలి మీ వైపు తిరిగితే పచ్చి చేపల వాసన గుప్పున కొడుతుంది. చెట్ల కింద నీళ్లు చిక్కటి ఆకుపచ్చ. అదే నీళ్లు తూములోంచి కాలువలోకి, కాలువలోంచి మడిలోకి పోతాయి. ఇలాంటి ఒక చెరువు కింద మడి గట్టు మీద ఓ పెద్దాయనను అడిగాను, ‘ఎన్ని కట్టలు వేస్తారు మామా యూరియా?’ అని. ఆయన మడి వైపు చెయ్యి చూపించి, ‘ఈ నీళ్లు పెట్టిన పైరు రంగే వేరబ్బయా, కట్ట తగ్గించినా తేడా తెలవదు’ అన్నాడు. ఆ ఒక్క మాటను లెక్కగా మార్చడమే మన పని.

ఎలాగంటే, పక్షుల చెరువు కింద పదిహేను కుటుంబాలను, అదే మట్టి, అదే వరి రకం ఉండి పక్షులు లేని పక్క చెరువు కింద పదిహేను కుటుంబాలను ఎంచుకోండి. ‘మీకెంత లాభం?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పరు. నాటినప్పుడు ఎన్ని కట్టలు, పిలకలప్పుడు ఎన్ని, వెన్ను అంకురించేటప్పుడు ఎన్ని, ఏ షాపులో కొన్నారు, ఎకరాకు ఎన్ని పుట్లు అయింది అని అడగండి. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. వేరే ప్రాంతాల్లో పుట్టికి వేరే కొలతలు ఉన్నాయి కాబట్టి కిలోల్లోకి మార్చి రాసుకోండి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు పక్షుల చెరువు కింద 200 ఎకరాలు ఉన్నాయి, సగటున ఎకరాకు ఒక యూరియా కట్ట తగ్గింది అనుకుందాం. 45 కిలోల కట్టలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. 200 కట్టలకు 4,140 కిలోల నత్రజని. కట్ట 266 రూపాయల 50 పైసల లెక్కన 53,300 రూపాయలు.

‘ఇంతేనా?’ అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. రైతు కట్టే ధర సబ్సిడీ పోగా మిగిలింది. కట్ట అసలు ఖరీదు దానికి ఎన్నో రెట్లు, ఆ తేడా ప్రభుత్వం కడుతోంది. కాబట్టి రెండు వరసలు రాయండి: రైతుకు మిగిలింది ఒకటి, ప్రభుత్వానికి మిగిలింది ఒకటి. చాలా రిపోర్టుల్లో ఈ రెండో వరస ఉండదు. ఉంటే మాత్రం, చెరువు బాగుకోసం నిధులు అడిగేటప్పుడు మీ చేతిలో అంతకంటే గట్టి కాగితం ఇంకోటి ఉండదు.

దిగుబడి కూడా పెరిగిందని తేలితే, ఎరువు ఆదాను, దిగుబడి పెంపును రెండూ కలిపేముందు అవి నిజంగా విడివిడి లాభాలేనా చూసుకోండి. ఒకే నత్రజని రెండు పేర్లతో రాకూడదు. చెరువులోకి వచ్చే వాగు నీటిని, తూములోంచి పోయే నీటిని సీసాల్లో పట్టి, ఐసు పెట్టె‌లో పెట్టి వెంటనే ల్యాబుకు పంపితే నత్రజని, భాస్వరం తేడా తెలుస్తుంది. రైతుల మాటకు అది సాక్ష్యం.

ఒక సంగతి మరిచిపోకండి. ఈ నత్రజని ఈ చెరువులో పుట్టింది కాదు. గూడబాతులు చాలామటుకు పులికాట్‌కు ఎగిరి వెళ్లి చేపలు తిని వస్తాయి. అంటే పులికాట్ చేపే రెట్టగా మారి ఈ మడిలోకి దిగుతోంది. సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే, అక్కడ చేప తగ్గితే, ఇక్కడ పంటకు బలం తగ్గుతుంది. మీ చెరువు హద్దు లోపల ఎంత బాగా చూసుకున్నా సరిపోదు. పక్షి తిండి ఎక్కడిదో కనుక్కుని పటం మీద గీత గీయండి.

అయిదో అడుగు: నీళ్లు, వరద, బావులు

నీళ్ల పరిమాణం తేలికే. ఒక హెక్టారు మీద ఒక మీటరు నీళ్లు నిలిస్తే 10,000 ఘనపు మీటర్లు. 80 హెక్టార్ల చెరువులో సగటు లోతు మీటరున్నర అయితే 12 లక్షల ఘనపు మీటర్లు, అంటే 120 కోట్ల లీటర్లు. సగటు లోతు కోసం తెప్ప మీద వెళ్లి, తాడుకు రాయి కట్టి ఇరవై ముప్పై చోట్ల కొలవండి. రికార్డుల్లోని లోతును నమ్మొద్దు, పూడిక ఆ లెక్కను ఎప్పుడో తినేసి ఉంటుంది.

బావుల సంగతి చిట్టాలోనే తేలుతుంది. చెరువు పక్క బావికీ దూరంగా ఉన్న బావికీ ఏప్రిల్లో నీటిమట్టం ఎంత తేడా ఉందో చూడండి. ఆ లోతు తేడాకు మోటారు కరెంటు, బోరు లోతు చేయించే ఖర్చు ఎంతో అక్కడి మెకానిక్కే చెబుతాడు.

వరద ఆపే విలువకు జరిగిన నష్టమే కొలత. మన వైపు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది, అదీ ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మీ ఊరి చెరువు అంత పెద్ద వరదను ఆపలేదు, అలా రాయొద్దు. కానీ మీ వాగులో వచ్చిన నీళ్లలో ఎంత భాగం చెరువులో నిలిచింది, చెరువు లేకపోతే ఆ నీళ్లు ఏ వీధిలోకి వచ్చేవి అన్నది పటం మీద చూపించవచ్చు.

ఆరో అడుగు: చూడ్డానికి వచ్చేవాళ్లు

పక్షుల పండగ (ఫ్లెమింగో ఫెస్టివల్) 2001లో మొదలైంది. పండగ జరిగినప్పుడల్లా జనం బాగా వస్తారు. టికెట్ డబ్బు చూసి ఇదే చెరువు వినోద విలువ అనుకుంటే పొరపాటు. టికెట్ చాలా తక్కువ. మనిషి అక్కడికి రావడానికి ఎంత ఖర్చు పెట్టుకున్నాడో, ఎంత సమయం వదులుకున్నాడో చూడాలి. దీన్ని ప్రయాణ వ్యయ పద్ధతి అంటారు.

గేటు దగ్గర కనీసం వందమందిని అడగండి. మామూలు రోజు, ఆదివారం, పండగ రోజు వేరువేరుగా. ఎక్కడినుంచి, ఎలా వచ్చారు, ఎంతమంది, దారి ఖర్చు ఎంత, ఇవాళ పని మానుకుని వచ్చారా, ఇంకెక్కడికైనా వెళుతున్నారా? ఈ ఆఖరి ప్రశ్న ముఖ్యం. తిరుపతి వెళుతూ దారిలో ఆగిన కుటుంబం ఖర్చు మొత్తం ఈ చెరువు ఖాతాలో వేయకూడదు. ఏ చోట ఎన్ని గంటలు గడిపారో దాన్నిబట్టి పంచండి.

తర్వాత పటం మీద 25 కిలోమీటర్లు, 75, 150 అని వలయాలు గీసి, ఒక్కో వలయంలో వెయ్యిమంది జనాభాకు ఎంతమంది వచ్చారో రాయండి. దూరం పెరిగేకొద్దీ ఖర్చు పెరిగి రాక తగ్గుతుంది. దగ్గరివాళ్లు కొద్ది ఖర్చుతో వస్తున్నారు, కానీ దూరంవాళ్లు పెట్టినంత పెట్టడానికైనా ఈ దగ్గరివాళ్లలో కొందరు సిద్ధమే. ఆ మిగులే చెరువు వాళ్లకిచ్చిన విలువ. ఖర్చుకూ రాకకూ గ్రాఫు కాగితం మీద గీత గీస్తే, గీత కింద, వాళ్లు నిజంగా పెట్టిన ఖర్చుకు పైన ఉన్న భాగమే ఆ విలువ. పదో తరగతి లెక్కల మాస్టారు ఈ పని చేయగలరు.

ఆటో డ్రైవర్లకు, టీ కొట్టుకు వచ్చిన డబ్బును దీంతో కలపకండి. అది ఊరి ఆదాయం, వేరే పేజీలో ఉండాలి. వచ్చినవాళ్ల డబ్బులో ఊళ్లో మిగిలింది ఎంత అన్నది తర్వాత బాగా పనికొస్తుంది.

ఏడో అడుగు: ధర పెట్టకూడనివి

పెంచలకోన దగ్గరి పెనుశిల నరసింహ అభయారణ్యం 1997లో ఏర్పడింది. అందులో ఎర్రచందనం ఉంది. టన్నుకు ఇంత అని మొత్తం చెట్లకు వెల కట్టి అడవి విలువ వేల కోట్లు అని రాసేవాళ్లున్నారు. ఆ లెక్క నాకు అస్సలు నచ్చదు. నరకడానికి వీల్లేని చెట్టు కలప ధర ప్రకృతి సేవ కాదు. నరికితేనే వచ్చే డబ్బును, నరకకుండా ఉంటే వచ్చే మేలులో కలిపితే లెక్క తనకు తానే అడ్డం తిరుగుతుంది. నిలబడ్డ చెట్టు ఏటా ఇచ్చేదే రాయండి.

పెంచలకోన స్వామి దగ్గరికి వచ్చే భక్తుల ప్రయాణ ఖర్చు కొలవవచ్చు. కానీ వాళ్ల భక్తికి రూపాయి విలువ కట్టే ప్రశ్న అడగొద్దు, అడిగితే కోప్పడతారు, న్యాయమే. ఎంతమంది వస్తారు, ఏ నెలలో, కోనలో నీళ్లు ఎండిపోతే వాళ్లకు ఏమవుతుంది అని మాటల్లో రాయండి. కలివికోడి కూడా అంతే. లేదనుకున్న పక్షి 1986లో కడప వైపు మళ్లీ కనిపించింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. అలా మార్చడానికి పెట్టిన అదనపు ఖర్చును ‘సమాజం ఇంతకు ఒప్పుకుంది’ అని చూపించవచ్చు. పక్షి ఖరీదు అది అని మాత్రం కాదు.

సర్కారు దగ్గర అడవికి ఒక రేటు ఉంది. 2008లో సుప్రీంకోర్టు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా ఖరారు చేసింది, తర్వాత పెంచారు. అభయారణ్యం అయితే దానికి అయిదు రెట్లు, జాతీయ పార్కు అయితే పది రెట్లు. అది అడవిని వేరే పనికి ఇచ్చేటప్పుడు ఒక్కసారి కట్టించుకునే సొమ్ము. ఏటా వచ్చే మేలుగా దాన్ని రాయకండి.

వేరే దేశంలోని చిత్తడి నేల రేటు తెచ్చి మన చెరువుకు అతికించడం కూడా వద్దు. కొన్నేళ్ల కింద అలాంటి రిపోర్టు ఒకటి చూశాను. అంకె ఘనంగా ఉంది, అందులో మా చెరువు మాత్రం ఎక్కడా లేదు. తూము పేరు కూడా రాయలేదు.

ఎనిమిదో అడుగు: ఎవరికెంత, ఎవరిమీద ఎంత

నన్నడిగితే మొత్తం విలువ ఎంత అన్నదానికంటే ఈ పేజీయే ముఖ్యం. కాగితానికి నిలువుగా గీతలు కొట్టి, పైన ఆయకట్టు రైతు, చేపలు పట్టేవాళ్లు, గొర్రెల కాపరి, మెట్ట రైతు, సందర్శకుడు, ప్రభుత్వం అని రాయండి. ఒక్కొక్కరి కింద వచ్చేది, పోయేది రెండూ రాయండి. చేపల వేలం ఆపితే ఎవరి కుటుంబం ఖాళీగా కూర్చుంది? పందులు ఎవరి చేలో పడ్డాయి? కాపరి ఎంత దూరం నడవాల్సి వచ్చింది?

ఈ పేజీ పూర్తయ్యాక సాధారణంగా ఒకటి బయటపడుతుంది: మేలు దూరందాకా పాకుతుంది, భారం మాత్రం చెరువు పక్క ముప్పై నలభై కుటుంబాల మీదే పడుతుంది. సందర్శకుల డబ్బు, ఎరువు సబ్సిడీలో ఆదా, వీటిలో కొంతైనా ఆ ఇళ్లకు చేరే దారి వెతకాలి. గైడు పని, కాపలా పని, పూడికతీత కూలి మొదట వాళ్లకే ఇవ్వడం మొదటి మెట్టు.

అన్ని అంకెలకూ తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు విలువలు ఇవ్వండి. ఏటా వచ్చే మేలును శాశ్వత విలువగా మార్చేటప్పుడు ఏ వడ్డీ వాడారో పక్కనే రాయండి. ఏటి మేలును వడ్డీ రేటుతో భాగిస్తే శాశ్వత విలువ వస్తుంది: ఏడాదికి 10 లక్షలు అంటే 4 శాతం చొప్పున 2.5 కోట్లు, 8 శాతం చొప్పున 1.25 కోట్లు. వడ్డీ దాచిపెడితే లెక్క మీద నమ్మకం పోతుంది.

తొమ్మిదో అడుగు: తూము ఒప్పందం

ఇప్పుడు ఫిబ్రవరి నెలాఖరు ప్రశ్నకు తిరిగొద్దాం. చిట్టా చూసి, ఏ నీటిమట్టం దగ్గర గూళ్ల చెట్ల మొదళ్లు బయటపడుతున్నాయో కొలబద్ద మీద ఎర్రగీత గీయండి. పిల్లలు ఎగిరేదాకా ఆ గీత కిందికి నీళ్లు దిగకూడదు. ఆ గీత వల్ల చివరి తడి అందని ఎకరాలు ఎన్ని? ఎకరాకు ఎన్ని పుట్లు తగ్గుతాయి? ఆ నష్టం ఎంత, ఎవరు భరిస్తారు? బోరు నీళ్లు ఇప్పించడమా, తొందరగా పండే రకం విత్తనం ఇవ్వడమా, నేరుగా పరిహారమా? ఎడగారు (మొదటి పంట తర్వాత వేసే రెండో పంట) సాగు చేయాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. పంట వేశాక కాదు, నారు పోయకముందే, అక్టోబరులో.

ఒప్పందం గ్రామసభలో చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. కాపీని అభయారణ్యం నిర్వహణ ప్రణాళికలో చేర్చమని అటవీ అధికారి డీఎఫ్‌ఓకు ఇవ్వండి. ప్రణాళికలు సాధారణంగా పదేళ్లకోసారి రాస్తారు, సవరించే సమయం కనుక్కుని వెళ్లండి. జీవవైవిధ్య చట్టం కింద ఊరికి ఉండే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లో కూడా అదే సమాచారం రాయించండి.

నిర్వహణ పనుల వరస కూడా ఈ లెక్కే చెబుతుంది. నా అనుభవంలో ముందు వచ్చేవి ఇవి: వరవకాలువ (చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ) ఆక్రమణ తొలగించడం, సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయడం, పాత కడప చెట్లు పడిపోకముందే కొత్త మొక్కలు నాటడం. పూడిక తీస్తే గూళ్ల చెట్ల చుట్టూ మట్టిని ముట్టుకోవద్దు, వేళ్లు బయటపడతాయి. యంత్రాలు మే నెలలోనే దిగాలి. వ్యూ టవరు, రంగు బెంచీలు, సెల్ఫీ బోర్డు ఆఖర్న చూసుకోవచ్చు.

పదో అడుగు: మళ్లీ

ఒక్క ఏడాది లెక్కతో ఆగొద్దు. వాన లేని ఏడాదిలో పక్షులు తక్కువొస్తాయి, రెట్ట నీళ్ల లెక్క పడిపోతుంది. ఆ ఏడాది అంకెను దాచకుండా రాయండి. మూడేళ్ల సగటు వచ్చాకే బయటివాళ్లకు చూపించండి. అప్పటిదాకా ఊరి వాడకానికే.

చిట్టాను పంచాయతీ ఆఫీసు బీరువాలో పెట్టకండి, సెక్రటరీ బదిలీ అయ్యాక అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆయన ఇంట్లోనే ఒక కాపీ, స్కూల్లో ఒకటి ఉంచండి. సెప్టెంబరు మొదటి ఆదివారం పొద్దున్నే కొత్త పేజీ తీసి, కొలబద్ద దగ్గర నీటిమట్టం రాసి, చెట్లకు నంబర్లు చెరిగిపోయి ఉంటే మళ్లీ రంగు వేయండి. ఇంకో నెలకు మొదటి గూడబాతు దిగుతుంది, ఆ తేదీ ఎవరు ముందు చూస్తే వాళ్ల పేరుతో రాయండి.